గారెకు తొలి ముద్ద

పొన్నమెరక పురపాలక సంఘానికి కిందటేడు 'నిర్మల నగర కిరీటం' అరచేతి దాకా వచ్చి జారిపోయింది. కారణం ఒక కుక్క. రాష్ట్రం నుంచి వచ్చిన నిర్ణేతలు గడియార స్తంభం దగ్గర నిలబడి, రోడ్డు అద్దంలా ఉందని మెచ్చుకుని, ఫొటోకి నవ్వుతున్న సమయంలో, ఎవరింటి చెత్తబుట్టలోంచి తెచ్చుకుందో గాని, ఒక కుక్క పండుగప్ప చేప తలకాయ నోట కరుచుకుని వాళ్ల ముందు నుంచి నింపాదిగా నడిచి వెళ్లింది. తలకాయ ఫొటోలో బ్రహ్మాండంగా పడింది. కిరీటం పక్క ఊరికి పోయింది. ఆ రోజు నుంచి కమిషనర్ విరూపాక్షం గారికి కుక్క పేరెత్తితే ఒళ్లు మండిపోయేది.

ఈ చరిత్రతో హైమవతికి ఏ సంబంధమూ లేదు. మెయిన్ రోడ్డులో చిన్న కొట్టు పెట్టుకుని జాకెట్లు కుట్టుకునే మనిషి. ఒక వానాకాలం సాయంత్రం కొట్టు మూసి వస్తుంటే మురుక్కాలవ గట్టు మీద కుక్కపిల్ల ఒకటి వణుకుతూ కనపడింది. లైనింగు గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చేసింది. ఒళ్లంతా దోరగా వేగిన రంగు, నడుం మీద గుండ్రంగా తెల్ల మచ్చ. అత్తగారు అచ్చియమ్మ కళ్లజోడు సవరించుకుని చూసి, "అచ్చం గారెలాగున్నాడే దొంగవెధవ!" అంది. అదే పేరైపోయింది. భర్త వీరభద్రం బస్సు డిపోలో కంట్రోలరు. ఏ పూట ఇంట్లో ఉంటాడో, ఏ పూట ఉండడో ఆ డిపోకే తెలియాలి. హైమవతి ఏం చెప్పినా చెవులు నిక్కబొడుచుకుని ఆఖరు దాకా వినేది ఆ ఇంట్లో గారె ఒక్కడే. అందుకే ఆమెకి గారె అంటే ప్రాణం.

గారెకి మటుకు చెత్తబుట్ట అంటే ప్రాణం.

మూత పెడితే మూతితో లేపేవాడు. మూత మీద ఇటుక పెడితే బుట్టనే దొర్లించేవాడు. బుట్టని గట్టు మీద పెడితే కుట్టుమిషను ఎక్కి అక్కణ్ణుంచి దూకేవాడు. చేప ముళ్లు, గుడ్డు డొల్లలు, టీ పిప్పి ఏదైనా సంతోషమే గాని, నమిలి పారేసిన ములక్కాడ పిప్పి అంటే మరీ పిచ్చి. ఒక్కొక్కటే ఏరి, తీసుకెళ్లి వీరభద్రం తలగడ కింద దాచేవాడు. "ఛీ! వదుల్రా వెధవా!" అని హైమవతి అరిచేది. వదిలేవాడు. తోక ఊపేవాడు. ఆమె అటు తిరగ్గానే మళ్లీ అందుకునేవాడు. రోజంతా ఇదే భాగోతం. తిట్టీ తిట్టీ నోరు పడిపోయేది గాని, తిట్టడంలో ఆమెకీ ఓ సరదా ఉండేది.

అలా ఉండగా ఓ ఉదయం మైకు కట్టిన ఆటో వీధిలోకి వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మంది పౌరులకు తెలియజేయడమేమనగా! శునక సంస్కార పథకము కింద, ఇంటి చెత్త ముట్టని కుక్క సంస్కారవంతమైన కుక్కగా పరిగణింపబడును. ముట్టినట్లు ముమ్మారు రుజువైన కుక్క, ఊరి వెలుపల ఏర్పాటు చేసిన శునక సంస్కార శిబిరమునకు శాశ్వతముగా తరలింపబడును!"

ఆ శిబిరం పెట్టింది ఎక్కడనుకున్నారు? డంపింగ్ యార్డులో! ఊళ్లో చెత్తంతా కొండలా పోసిన చోట! ఇదేం చోద్యమని ఎవరో విలేఖరి అడిగితే, "ప్రలోభముల నడుమనే నిగ్రహము వికసించును" అని కమిషనర్ గారు సెలవిచ్చారట. అక్కడికెళ్లే కుక్క ఏదీ నిగ్రహం వికసించి తిరిగి రాదని ఊళ్లో అందరికీ తెలుసు. యార్డులో ఉండే కుక్కలు దున్నపోతుల్లా ఉంటాయనీ, కొత్తగా వచ్చినవాటిని బతకనివ్వవనీ చెప్పుకునేవారు.

ఆటో అటు వెళ్లిందో లేదో, తనిఖీ బృందం ఇటు వచ్చింది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో అడుగు పెట్టేసరికి గారె నడింట్లో బుట్ట బోర్లించి, తలకి గుడ్డు డొల్ల తగిలించుకుని, నోట్లో ములక్కాడతో నిలబడి ఉన్నాడు. కొత్త మనుషులు వచ్చారన్న సంబరంతో ఆ ములక్కాడ తీసుకెళ్లి ఇన్‌స్పెక్టర్ బూటు మీద పెట్టాడు.

"ఒకటి," అన్నాడు ఇన్‌స్పెక్టర్, బూటు దులుపుకుంటూ.

"ప్రేమతో ఇచ్చాడండి బాబూ! చిన్నపిల్లోడండి!" అంది హైమవతి.

"ప్రేమకి ఉత్తర్వులో మినహాయింపు లేదమ్మా. శిక్షణకి తీసుకురండి."

శిక్షణ టౌన్ హాల్లో. శిక్షణాధికారి పరంధామం గారు చేపల శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవాడు. కుక్కల్ని ఎప్పుడూ దగ్గర నుంచి చూడలేదు. అయినా ఆయన ధైర్యం చూసి తీరాలి. "జీవులతో నాది సుదీర్ఘ అనుభవం. నా సర్వీసు మొత్తంలో ఒక్క చేప కూడా ఇంటి చెత్త జోలికి పోలేదు," అని సగర్వంగా మొదలుపెట్టాడు. కమిషనర్ గారు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు.

"కుక్క చెత్తను సమీపించినప్పుడు యజమాని కుడిచేయి పైకెత్తి, 'పరిత్యజింపుము' అని పలకవలెను. ఏదీ, అందరూ!"

"పరిత్యజింపుము!" అన్నారు జనం. కుక్కలు ఆవలించాయి. గారె టేబులు కింద దూరి పరంధామం గారి టిఫిన్ క్యారేజీ మూత తీయడానికి ప్రయత్నిస్తున్నాడు.

"ఛీ! వదుల్రా వెధవా!" అంది హైమవతి. గారె వదిలేశాడు.

"అమ్మా, ఆ మాట ప్రామాణికం కాదు," అన్నాడు పరంధామం గారు. "కుక్క ఎందుకు వదిలిందన్నది కాదు, ఏ మాటకి వదిలిందన్నది ముఖ్యం."

అక్కడితో నోరు మూసుకుని కూర్చుంటే ఊరంతా బాగుండేది. కానీ హైమవతికి అనుమానం వస్తే అడగకుండా ఉండలేదు. "అది కాదండీ, మేం తిన్నాక మిగిలిన అన్నమే కదా దానికి పెరట్లో పెడతాం. పళ్లెంలో మిగిలింది తినరా అంటాం, బుట్టలో మిగిలింది తినొద్దంటాం. ఆ తేడా దానికెలా చెప్పాలండీ?"

పరంధామం గారు ఉత్తర్వు తిరగేశాడు. ఆయన మొహం పెద్ద చేప గాలానికి పడ్డట్టు వెలిగిపోయింది. "మిగిలినదా? భుజించిన పిమ్మట మిగిలిన ఆహారమంతయు తడి చెత్త అని ఇందులో స్పష్టంగా ఉంది. అంటే రోజూ స్వహస్తాలతో దానికి చెత్త తినిపిస్తున్నారన్నమాట! సార్, వ్యాధి మూలం దొరికింది!"

"అద్భుతం!" అని లేచారు కమిషనర్ గారు. "ఈ సోదరి నిజాయితీని సభాముఖంగా అభినందిస్తున్నాను. ఒప్పుకున్నారు గనక, రెండు అని రాయండి."

హైమవతి వేళ్లు లెక్కపెట్టుకుంది. ఇంకొక్కసారి. ఇంకొక్క ములక్కాడ. అంతే, గారె యార్డుకి. ఆ రాత్రి నుంచి ఆమె చెత్తబుట్టని మంచం పక్కన పెట్టుకుని, దాని మీద చెయ్యేసి పడుకునేది.

మర్నాడే ఇంకో ఉత్తర్వు వచ్చింది. దాని పేరు ప్రథమ కబళ విధానం. కుక్కకి మిగిలినది పెట్టరాదు గనక, ఇంటిల్లిపాదీ తినకముందే కుక్కకి తాజాగా వడ్డించాలి. తొలి ముద్ద కుక్కది. అది తిని లేచాకే మనుషులు కూర్చోవాలి.

"నా మొగుడికే నేనింత మర్యాద చెయ్యలేదే అమ్మాయ్," అంటూ అచ్చియమ్మ అరిటాకు పరిచి నీళ్లు చిలకరించింది. పప్పు, బెండకాయ వేపుడు, పైన నెయ్యి. గారె ఆకు చుట్టూ తిరిగాడు. వాసన చూశాడు. ఇదేదో పూజ సామాననుకుని గౌరవంగా దూరం జరిగి, గోడ మీద కాకిని చూస్తూ కూర్చున్నాడు.

"ఏవండీ, ఇంకాసేపు ఆగండి. ఇంకా మొదలెట్టలేదు," అంది హైమవతి.

"పదకొండింటి బస్సు వదలాలే నేను! బాబ్బాబు, గారె, నీకు దణ్ణం పెడతాను, ఒక్క ముద్ద తినరా!" అని వీరభద్రం యూనిఫాంతో నేల మీద గొంతుక్కూర్చుని బతిమాలాడు. గారె కాకిని చూశాడు. పదకొండింటి బస్సు ఒంటిగంటకి కదిలింది. ఒక్క బస్సేమిటి, ఊళ్లో అన్నీ అలాగే అయ్యాయి. బ్యాంకు తలుపులు తీయలేదంటే క్యాషియరు గారి కుక్క ఇంకా భోంచేయలేదని అర్థం. ఆఫీసుల్లో 'శునక భోజన విలంబము' అని రాస్తే సెలవు మంజూరు చేసేవారు.

కుక్క లేనివాళ్లకి ఏ బెంగా లేదనుకుంటున్నారేమో. అలా ఎలా ఊరుకుంటుంది ఊరు! కుక్క తినకుండా భోంచేసే ఇల్లు మర్యాద తెలియని ఇల్లని పేరు పడిపోయింది. సూర్యకమలం కల్యాణ మండపంలో పెళ్లి జరిగితే మొదటి పంక్తి కుక్కలకే వేశారు. ఆడపెళ్లివారికి రెండు కుక్కలున్నాయి. మగపెళ్లివారికి ఒక్కటీ లేదు. లేదంటే పరువేం కావాలని వీధిలో పోయే ముసలి కుక్కనొకదాన్ని పట్టుకొచ్చి, స్నానం చేయించి, మెళ్లో దండ వేసి కూర్చోబెట్టారు. తీరా వడ్డన మొదలయ్యాక వరుడి మేనమామ కండువా విసిరి కొట్టాడు.

"మగపెళ్లివారి కుక్కకి బూరె వెయ్యకుండా ఆడపెళ్లివారి కుక్కకి వేస్తారా? మేం వెళ్లిపోతాం! ఎక్కరా కారు!"

ముసలి కుక్క మాత్రం వెళ్లడానికి ఒప్పుకోలేదు. దాని బతుకులో అదే మొదటి పెళ్లి భోజనం. చివరికి పెళ్లికూతురి తండ్రి దాని ఆకు ముందు మోకరిల్లి, చేత్తో బూరె తినిపించి క్షమాపణ చెప్పుకుంటేగాని మేనమామ తాళి కట్టనివ్వలేదు.

రెండు వారాలు తిరిగేసరికి గారె మారిపోయాడు. ఆకు అలవాటైంది. ముద్దపప్పులో నెయ్యి తగ్గితే మొహం తిప్పుకునేవాడు. పొట్ట వచ్చింది. నడక నెమ్మదించింది. చెత్తబుట్ట పక్క నుంచే వెళ్తూ కన్నెత్తి కూడా చూసేవాడు కాడు. అందరూ హైమవతిని మెచ్చుకున్నారు. ఆమెకి మాత్రం దిగులు పట్టుకుంది. తలగడ కింద ములక్కాడలు లేవు. మిషను మీంచి దూకుడు లేదు. రోజంతా అరవడానికి ఏమీ లేక నోరు చేదుగా ఉండేది. ఎవరో పెద్దమనిషి ఇంట్లో అద్దెకి దిగినట్టుంది గాని, తను లైనింగు గుడ్డలో తెచ్చుకున్న పిల్లాడు ఏమయ్యాడో తెలియలేదు.

ఇంతలో జిల్లా నుంచి ఆడిట్ అభ్యంతరం ఊడిపడింది. 'కుక్క భుజించిన పిమ్మట పాత్రలో ఉండునది మిగిలినదా, కాదా? మిగిలినదైనచో తడి చెత్త కాదా? అట్టి తడి చెత్తను పౌరులు నిత్యము భుజించుచుండగా పురపాలక సంఘమేమి చేయుచున్నది?'

పరంధామం గారు అది చదివి ఆనందం పట్టలేక కమిషనర్ గారి గదిలోకి పరిగెత్తాడు. సాయంత్రానికల్లా ఆటో మళ్లీ వచ్చింది. చెత్త ముట్టిన పౌరుడికి కూడా అదే నిబంధన. ముమ్మారు రుజువైతే శిబిరానికే. కుక్కల షెడ్డు పక్కనే ఇంకో షెడ్డు వేస్తున్నారు.

వీరభద్రం పప్పన్నం కలుపుకుంటుండగా ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడ్డాడు.

"కుక్క తిన్నదా?"

"తిన్నాదండి, ఇందాకే."

"అయితే మీరు తినేది మిగిలింది. ఒకటి."

"ఏంటండీ ఇది? ముందు తింటే మిగిలింది దానికి పెట్టానంటారు, తర్వాత తింటే మిగిలింది నేను తిన్నానంటారు. మరెప్పుడు తినాలండీ?"

"అది శిక్షణలో చెబుతారు."

మనుషులకి శిక్షణ అదే టౌన్ హాల్లో, అదే పరంధామం గారు. పౌరులకి ఆదర్శంగా ఉండాలని కమిషనర్ గారే మొదటి విద్యార్థిగా చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. ఎదురుగా పళ్లెంలో మినపట్టు. "పరిత్యజింపుము!" అని అధికారి అనగానే అందరూ చేతులు వెనక్కి పెట్టుకోవాలి. కమిషనర్ గారు చాలా చురుగ్గా నేర్చుకున్నారు. హోంవర్కు కూడా ఇచ్చారు. ఇంట్లో హైమవతి, గారెని ఒక పక్క, వీరభద్రాన్ని ఒక పక్క కూర్చోబెట్టి, మధ్యలో పళ్లెం పెట్టి సాధన చేయించేది. ఆ సంస్కృతం ముక్క ఆమెకి నోరు తిరిగేది కాదు. చెయ్యి ముందుకొచ్చిందంటే చాలు, "ఛీ! వదుల్రా వెధవా!" అనేసేది. అది గారెని అన్నదో, మొగుణ్ణి అన్నదో ఆమెకే తెలిసేది కాదు. గారె ఎలాగూ కదిలేవాడు కాడు. వీరభద్రం మటుకు ఠక్కున చెయ్యి వెనక్కి తీసుకునేవాడు.

"చిన్నప్పుడు నా మాట ఒక్కటీ వినలేదే ఈ సచ్చినోడు," అని అచ్చియమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఇప్పుడు చూడు, బంగారంలా నేర్చుకున్నాడు!"

ఎవరు ముందు తిన్నా తప్పే, ఎవరు తర్వాత తిన్నా తప్పే గనక, కమిషనర్ గారు దీర్ఘంగా ఆలోచించి ఆఖరి ఉత్తర్వు వేశారు. ఏకకాల కబళ విధానం. మధ్యాహ్నం పన్నెండింటికి మున్సిపల్ సైరన్ మోగుతుంది. మోగగానే ఊళ్లో మనుషులూ కుక్కలూ ఒక్కసారే తొలి ముద్ద నోట్లో పెట్టుకోవాలి. ఎవరిదీ ముందు కాదు, ఎవరిదీ మిగిలింది కాదు. ఈ విధానాన్ని చూపించడానికే ఈ ఏటి నిర్ణేతల్ని హైస్కూలు మైదానంలో సహపంక్తి భోజనానికి పిలిచారు.

షామియానా కింద పొడుగాటి వరస. మనిషి, కుక్క, మనిషి, కుక్క. ముందు బల్లల దగ్గర నిర్ణేతలు. రెండు తప్పులు చేసి కూడా సంస్కారం నేర్చుకున్న కుక్కగా గారెని ఏరికోరి పిలిపించి, సరిగ్గా కమిషనర్ గారి పక్కన కూర్చోబెట్టారు. గారెకి ఇవతల హైమవతి. "ఒక్క పూట, నాన్నా. ఈ ఒక్క పూట పెద్దమనిషిలా ఉండు. ఆ తర్వాత నీ ఇష్టం," అని వాడి చెవిలో గొణుగుతూనే ఉంది. ఎదురుగా పరంధామం గారు పెన్ను తీసి నిలబడ్డాడు. గేటు దగ్గర వ్యాను ఆగి ఉంది.

బిర్యానీ వచ్చింది. కోడి కాళ్ల వేపుడు వచ్చింది. గోంగూర, పెరుగు పచ్చడి. ఘుమఘుమలాడిపోతోంది. కమిషనర్ గారు ఆకుల మధ్య నిలబడి నిగ్రహం మీద ఉపన్యాసం ముగించి, గడియారం చూసి, రిబ్బను కట్టిన సైరన్ మీట నొక్కారు.

కరెంటు పోయింది.

మళ్లీ నొక్కారు. చడీ చప్పుడూ లేదు.

"జనరేటరు వెయ్యండి!"

"అది మైకులకి మాత్రమే మంజూరైంది సార్," అన్నాడు పరంధామం గారు. "సైరన్‌కి వేరే ఫైలు నడవాలి."

"పోనీ ఎవరైనా నోటితో కూతెయ్యండి!"

"నోటితో వేసిన కూత సైరన్ నిర్వచనంలోకి రాదు సార్. సైరన్ లేకుండా ముట్టుకుంటే ప్రథమ కబళమవుతుంది. మిగతావాళ్లందరిదీ తడి చెత్త అయిపోతుంది."

కమిషనర్ గారు వచ్చి తన ఆకు ముందు కూర్చున్నారు. ఇహ చూడండి, ఆ దృశ్యం! ఊరు ఊరంతా ఆకుల ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. బిర్యానీ మీంచి ఆవిరి లేస్తోంది. పిల్లలు లొట్టలేస్తున్నారు, పెద్దలు గుటకలు మింగుతున్నారు. కుక్కలు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. అర్ధగంటయింది. గంటయింది. పొద్దున్నించీ కాఫీ కూడా తాగని కమిషనర్ గారి కడుపు పక్క వరసకి వినపడేలా మూలిగింది. హైమవతి కళ్లు గట్టిగా మూసుకుని, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకుంటోంది. గారె కదలకూడదు. గారె కదలకూడదు.

పక్కన ఆకు చప్పుడైంది. ఎముక పళ్ల మధ్య పడ్డ చప్పుడు.

హైమవతి కళ్లు తెరవకుండానే, మైదానం మారుమోగిపోయేలా అరిచింది.

"ఛీ! వదుల్రా వెధవా!"

కళ్లు తెరిచి చూస్తే గారె మునిపుంగవుడిలా కూర్చుని ఉన్నాడు. వాడి అవతల కమిషనర్ విరూపాక్షం గారు, నోట్లో కోడి కాలుతో, కొయ్యబారిపోయి ఉన్నారు. టౌన్ హాల్లో అంత శ్రద్ధగా నేర్చుకున్న మనిషి కదా! నోరు తెరిచి కోడి కాలు వదిలేసి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

కోడి కాలు దుమ్ములో పడింది.

ఇన్ని రోజుల్లో ఒక్కసారీ గారెకి నేల మీద ఏమీ దొరకలేదు. అంతా ఆకుల్లోనే, నీళ్లు చిలకరించి, మర్యాదగా. ఇప్పుడు కళ్ల ముందు, ఎవరో కొరికింది, దుమ్ము కొట్టుకుపోయింది, ఎవరూ తినమని బతిమాలనిది! వాడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. తోక ఒక్క ఊపు ఊగింది. హైమవతి మెడ పట్టుకునేలోపే ఆ కాలు కరకర నమిలేశాడు.

"మూడు!" అని పరంధామం గారు పెన్ను ఎత్తాడు. "నోటి నుంచి జారి నేల పడినది నిస్సందేహంగా తడి చెత్త. వ్యాను తీసుకురండి!"

హైమవతి గారెని రెండు చేతులా గుండెకి హత్తుకుంది. ఏడుపు ఆగలేదు. "వాడు చిన్నవాడండీ! ఆ యార్డు కుక్కలు చంపేస్తాయండీ! తీసుకెళ్తే నన్ను కూడా తీసుకెళ్లండి, నేను వదల్ను!" వీరభద్రం లేచి వాళ్లిద్దరికీ అడ్డంగా నిలబడ్డాడు. వ్యాను కుర్రాళ్లు ఏం చెయ్యాలో తెలియక అధికారుల వంక చూశారు.

అప్పుడు వరస చివరి నుంచి అచ్చియమ్మ గొంతు ఖంగున వినపడింది. "నాయనా పరంధామం! అది చెత్తేనంటావా?"

"ముమ్మాటికీ చెత్తే, అమ్మా!"

"అయ్యో, మరి కమిషనరు బాబు తిన్నాడు కదయ్యా పాపం! ఆ బాబుని కూడా యార్డుకి పంపిస్తారా ఏంటి?"

నిర్ణేతల పెద్ద, చాలా నెమ్మదైన ఆవిడ, తన కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మంచి ప్రశ్న. నేనూ అదే రాసుకుంటున్నాను. కమిషనర్ గారూ, మీరు తిన్నది ఏమిటంటారు?"

కమిషనర్ గారు చేతులు ముందుకి తెచ్చుకుని, మూతి తుడుచుకుని, లేచి నిలబడ్డారు. "అది చెత్త కాదు."

"కానీ సార్, నేల మీద పడ్డాక..." అన్నాడు పరంధామం గారు.

"నా నోటి నుంచి వచ్చినది ఏదీ చెత్త కాదు! రాసుకోవయ్యా!"

పరంధామం గారు రాసుకున్నాడు. అందరికీ వినపడేలా చదివాడు కూడా. మనిషి కొరికి వదిలినది చెత్త కాదు. చెత్త కాదు గనక కుక్క ముట్టుకున్నది చెత్త కాదు. కుక్క చెత్త ముట్టలేదు గనక సంస్కారవంతమైన కుక్క. సరిగ్గా అప్పుడు కరెంటొచ్చి సైరన్ కూసింది. ఊరంతా ఆకుల మీద పడింది. ఎవరు ముందు, ఎవరు తర్వాత అని ఎవరూ చూడలేదు. గారె మెళ్లో పతకం వేశారు. హైమవతి ఏడుస్తూ నవ్వుతూ బిర్యానీ తిన్నది.

కిరీటం మళ్లీ పక్క ఊరికే పోయింది. పొన్నమెరకకి మటుకు 'ఆజ్ఞాపాలనలో అధికారుల ప్రత్యేక చొరవ' అని ఒక ప్రశంసాపత్రం వచ్చింది. సైరన్, తొలి ముద్ద, షెడ్లు అన్నీ చప్పుడు చెయ్యకుండా మాయమైపోయాయి. పరంధామం గారు చేపల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం హైమవతి ములక్కాడ పులుసు పెట్టింది. చాలా రోజుల తర్వాత ఇంటిల్లిపాదీ వేడివేడిగా ముందు తిన్నారు. మిగిలిన అన్నం పెరట్లో పెడితే గారె దాని చుట్టూ తిరిగి, ఆకు కోసం చూసి, లేదని తెలుసుకుని, పెద్ద నిట్టూర్పు విడిచి తినేశాడు. ఆమె గిన్నెలు తోముకుంటోంది. వీరభద్రం ముందు గదిలో కూర్చుని రెండో విడత కోసం పళ్లెంలో ఇంకాస్త పులుసన్నం కలుపుకుంటున్నాడు.

వంటింట్లో ధన్‌మని చప్పుడైంది.

వెళ్లి చూస్తే చెత్తబుట్ట బోర్లా పడి ఉంది. ఇల్లంతా టీ పిప్పి. గారె మెళ్లో పతకంతో, తల మీద ఉల్లిపొట్టుతో, నోటి నిండా ములక్కాడ పిప్పితో, కళ్లు మెరిపిస్తూ నిలబడి ఉన్నాడు. హైమవతి గుమ్మానికి ఆనుకుని చూసింది. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. "వచ్చావా నాన్నా! తిరిగొచ్చేశావా!" అనుకుంది మనసులో. తర్వాత నడుం మీద చెయ్యేసుకుని, ఇన్నాళ్ల కరువూ తీరేలా గొంతెత్తింది.

"ఛీ! వదుల్రా వెధవా!"

గారె వదల్లేదు. తోక ఊపుతూ ఆమె పక్క నుంచి దూసుకుపోయాడు, వీరభద్రం తలగడ వైపు.

ముందు గదిలో మాత్రం నోటి దాకా వచ్చిన ముద్ద పళ్లెంలో పడిన చప్పుడు వినిపించింది.

"వదిలేశానే," అన్నాడు వీరభద్రం.